గోరువెచ్చని నీళ్ళు

బీచ్ రోడ్డు హోటల్లో రెండు రోజుల శిక్షణ.
నలభై మంది మేనేజర్లం
సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాం.
తెర మీద బాణాలు, వలయాలు, ఒక పర్వతం,
దాని కొన మీద జెండా.
లక్ష్యం కొలతకి అందాలన్నారు.
గడువుండాలన్నారు. కొంచెం భయపెట్టాలన్నారు.
పసుపు కాగితం ముక్క మీద రాసి గోడకి అంటించాను:
మనిషికి గంటకి ఆరు కిలోలు.
చప్పట్లు కొట్టారు.
టీ వేళ వెనక్కి తిరిగి చూస్తే
యారాడ కొండ ముక్కు నీళ్ళలో పెట్టుకుని
ఏమీ పట్టనట్టు పడుకునుంది.

సోమవారం ప్లాంటులో తెల్లబోర్డు వేలాడదీశాను.
రొయ్యలు ఒలిచే హాలు, ఉక్కు బల్లలు,
ఐసుగడ్డల మధ్య నూటపది జతల చేతులు.
ఆకుపచ్చ గీత లక్ష్యం, ఎర్ర గీత నిజం.
మొదటి రెండు గంటలూ పక్కపక్కనే నడిచేవి,
పెళ్ళైన కొత్తలో జంటలా.
మూడో గంటకి ఎర్రది చతికిలబడేది.
రోజూ. అదే గంటకి.

ఎందుకు అని అయిదుసార్లు అడగమని శిక్షణలో చెప్పారు.
మొదటిసారి అడిగాను, గరికిన ఎర్రయ్యమ్మని.
పందొమ్మిదేళ్ళుగా ఆ బల్ల చివరే నిలబడుతోంది.
ఆమె జవాబు చెప్పలేదు.
గ్లవ్ తీసి, చెయ్యి నా చేతిలో పెట్టింది.
మిగతా నాలుగు ఎందుకులూ
నా గొంతులోనే ఉండిపోయాయి.

"మీ బోర్డుకి సలెయ్యదు కదా బాబూ" అంది తరవాత,
నవ్వుతూనే.

మర్నాడు గంబూట్లు, టోపీ తొడుక్కుని
ఆమె పక్కన నిలబడ్డాను, ఒక షిఫ్టు.
తల గిల్లాలి, పెంకు తిప్పాలి, నరం లాగాలి,
తోక తెగకూడదు.
ఎర్రయ్యమ్మ వేళ్ళకి కళ్ళున్నాయి.
నా వేళ్ళకి ఎంబీయే ఉంది.
మొదటి గంట కిలోంపావు. రెండో గంట అంతకన్నా తక్కువ.
మూడో గంటలో ఏది రొయ్యో ఏది నా బొటనవేలో
ఐసు తేడా చూపించలేదు.
ఎదుటి బల్ల ఆడవాళ్ళు నా పళ్ళెం తూకం వేసి
"బాబుకి ఈ రోజు కూలి కట్" అన్నారు.
హాలంతా గొల్లున నవ్వింది.
ఆ నవ్వుకి నా కేబిన్ తలుపు ఊడిపోయింది కాబోలు,
తరవాత ఎవరూ దాన్ని తట్టలేదు,
తోసుకునే వచ్చారు.

సిరిపురం ఆఫీసుకి మెయిల్ పెట్టాను:
ఒక గీజరు, పన్నెండు తొట్లు,
నలభై నిమిషాలకోసారి
రెండు నిమిషాలు గోరువెచ్చని నీళ్ళు.
జవాబు ఒక్క లైను: ఎన్ని కిలోలు నష్టం?
లెక్క కట్టాను. పంపలేదు.
డాబాగార్డెన్స్‌లో కొనుక్కొచ్చాను,
బిల్లు ఇంకా నా పర్సులోనే ఉంది.

ఎప్పుడు ఆపాలో చెప్పేది నేను కాదు.
ఎర్రయ్యమ్మ చెంచాతో బల్ల అంచు మీద
రెండు దెబ్బలు కొడుతుంది.
ఆవిరిలో కాసేపు
ఎవరి వేళ్ళు వాళ్ళకి తిరిగొస్తాయి.
మళ్ళీ క్లోరిన్ నీళ్ళు, కొత్త గ్లవ్స్, మళ్ళీ ఐసు.

మొదటి వారం ఎర్ర గీత ఇంకా కిందికి దిగింది.
నాకు నిద్ర లేదు.
రెండో వారం కొంచెం తల ఎత్తింది.
మూడో వారం పోర్టు గేటు దగ్గర కంటైనర్ ఆగిపోయి
అసలు ఏ గీతా గీయలేదు.
నాలుగో వారం అయిదు కిలోల ఏడొందల గ్రాములు.
ఆరు కాదు. ఇప్పటికీ ఆరు కాదు.
తోకలు మాత్రం తెగడం లేదు.
మూడో గంటలో ఎవరో కూనిరాగం తీస్తున్నారు,
దానికి బోర్డు మీద గడి లేదు.

ఏడాది చివర అప్రైజల్ ఫారం వచ్చింది.
మీ నాయకత్వ విజయాన్ని ఒక్క వాక్యంలో రాయండి.
గీజరు కొన్నాను, అని రాశాను.
హెచ్ఆర్ వాళ్ళు తిప్పి పంపారు: వివరించగలరు.
ఫారం బల్ల మీదే ఉంది.
గడువు ఈ సాయంత్రం అయిదు.
కిందనుంచి చెంచా చప్పుడు, రెండుసార్లు.
పెన్నుకి మూత పెట్టి
మెట్లు దిగాను.