రెండు సంచుల బూట్లు

రేపు సాయంత్రం నాలుగున్నరకు ఆట.
ఈ రాత్రి నా ముందర రెండు గోనెసంచులు.
ఒకటి లోకోషెడ్డు వాళ్లది,
ఒకటి పాత గుంతకల్లు వాళ్లది.
మారిపోకుండా ఒకదాని మూతికి ఎర్ర పేలిక కట్టినా.

ఓవర్‌బ్రిడ్జి కింద, గుడ్డి బల్బు వెలుగులో
ఊరంతా వచ్చి నన్నే అడుగుతాది:
"ఏమప్పా మారెన్నా, ఎవురు గట్టి?"
టీ అంగడి సిద్దప్ప అట్టపెట్టె చింపి
ఈ పక్క పదకొండు పేర్లు, ఆ పక్క పదకొండు పేర్లు రాసి
ఎవునికెవుడో గీతలు గీస్తాండాడు.
వానికి పేర్లు తెలుసు.
నాకు మడమలు తెలుసు.

గోలు కాసే డేవిడ్‌రాజు బూటు ముక్కు ఇంకా కొత్తదే,
వెనక మడమ అరిగిపోయింది. గీత మీదనే కాపురం వానిది.
వన్నూర్‌బాషాకు ముక్కే లేదు,
ఎదురుపోయి తగులుకునే రకం.
ముసురు పొద్దు డేవిడ్‌రాజు మేలు,
ఎండ పొద్దు వన్నూర్‌బాషా.
రేపు ఎండో ముసురో నన్నడిగితే?

కుడిపక్క ఉరికే కంబగిరి
గ్యాంగ్‌మన్ కొడుకు, పట్టా వెంబడి పెరిగినోడు,
వానికి గీత పక్కన తప్ప దోవ తెలీదు.
బూటు బయటంచు కాగితమైంది.
వాన్ని ఆపాల్సిన నాగముని తిరిగేలోపల
రైలొచ్చి పోతాది.
అయినా నాగముని కుట్లు ఒక్కటీ తెగల్యా.
నిదానస్తుని బూటు నిదానంగానే చస్తాది.

తిప్పయ్య పాదం తొమ్మిది, బూటు ఎనిమిది.
బొటనవేలి కాడ రంపెతో నేనే కోసిచ్చినా.
జిలానీవి వాళ్లన్న బూట్లు,
ముందర గుడ్డపీలికలు కుక్కుకుంటాడు.
ఒకనికి ఇరుకు, ఒకనికి వదులు,
నడిమి మైదానమంతా ఈ ఇద్దరిదే.
బంతి జిలానీ మాట వింటాది,
మనుషులు తిప్పయ్య మాట వింటారు.

"అవన్నీ కాదప్పా," అంటాడు సిద్దప్ప,
"ఎర్రిస్వామికీ హుసేనప్పకూ ఎట్లుంటాది, అది చెప్పు."
ఆ గీత రెండుసార్లు దిద్దినాడు, సుద్దముక్క విరిగింది.
నిరుడు ఎర్రిస్వామి కనుబొమ్మకు ఏడు కుట్లు,
హుసేనప్పకు ఎర్రకార్డు.
ఆ పొద్దు నుంచి మాటల్లేవంట,
ఎదురుపడితే సందు మారతారంట.
ఊరి మాట అది.

లోకో బూట్లు గీరితే బొగ్గుచూరు రాలతాది.
పాత గుంతకల్లు బూట్లకు నల్లరేగడి,
వడ్డీబాకీ మాదిరి వదలదు.
ఈ రెండు జతల కింద మాత్రం తెల్లసుద్ద.
గేటు దాటినాక, పాడుబడిన క్వారీ గుంత కాడ తప్ప
ఇట్లాంటి సుద్ద యాడా లేదు.
వాని అడుగున మూడు పల్లేరుగాయలు.
వీని అడుగున రెండు.

బల్బు కిందికి జరిగి చూసినా.
ఎర్రిస్వామి ఎడమ బూటు బయటంచు ఎంత అరిగిందో
హుసేనప్ప కుడి బూటు లోపలంచు అంతే అరిగింది.
వాడు తిరిగిన ప్రతిసారీ
వీడు కాలడ్డం పెట్టినాడు.
మొబ్బులో, ఊరు లేచేలోపల,
ఎన్ని నెలలనుంచో.
ఆ రెండూ పక్కపక్కన పెడితే
ఒక జత మాదిరి ఉండాయి.

"చెప్పప్పా, ఎవురు?"
"ఉండు, దారానికి మైనం పట్టిస్తాండా."

ఎర్రిస్వామి బూటులో మొదలుపెట్టిన దారం
తెంపకుండా హుసేనప్ప బూటులోకి లాగినా,
ఆఖర్న రంపెతో నడుమ కోసినా.
తడిగుడ్డతో సుద్ద తుడిచి
ఒకదానికి బొగ్గుచూరు రుద్దినా,
ఇంకోదానికి రేగడి మెత్తినా.
పొద్దున సంచి విప్పేటోళ్లకు
వాళ్ల మన్నే వాళ్లకు కనపడాల గదా.

పల్లేరుగాయలు ఐదూ జోబులో ఏసుకున్నా.
కూచుంటే తొడకు గుచ్చుకుంటాండాయి.

సిద్దప్ప ఇంకా అట్ట పట్టుకోని నిలబడే ఉండాడు.
వానికి నేను పద్దెనిమిది టీల బాకీ.
అయినా చెప్పల్యా.