ఇతర వివరాలు

ఫర్వానియాలో, ఆస్పత్రి మూడో అంతస్తులో
నా బల్ల మీద ఎప్పుడూ పదకొండు పేజీల తెలుగు ఉంటుంది.
అంగీకార పత్రం.
"కర్ణికా ప్రకంపనము గల వ్యక్తులలో
యాదృచ్ఛికముగా కేటాయించబడిన చికిత్స..."
కుళ్లాయప్ప రెండు పంక్తులు చదివి
కళ్లద్దాలు తీసేశాడు.
"ఇది తెలుగేనా సిస్టరమ్మా?"

ముబారకియా సందులో అబాయాలు కుడతాడు.
పంతొమ్మిదేళ్లుగా నల్లగుడ్డ మీద నల్లదారం.
ముద్దనూరు పక్క ఊరు, దూదేకులవాళ్లు.
పత్రం మూసి నాకొచ్చిన మాటల్లో చెప్పాను:
గుండెలో పైన రెండు గదులు,
ముడుచుకుని రక్తాన్ని కిందికి తొయ్యాలి,
నీవి తొయ్యడం లేదు, ఊరికే వణుకుతున్నాయి,
ఏ పోగుకా పోగు.

నవ్వాడు.
"మా అబ్బ విల్లు మీటితే దూది అట్లనే లేచేది.
దానికి కూలి ఇచ్చేటోళ్లమ్మా."

ఈసీజీ కాగితాన్ని వెలుతురుకు పట్టాడు,
గుడ్డ నేత చూసినట్టు.
"కుట్టు దాటేస్తా ఉంది.
సూది మొండిదా, దారం బిగువు తప్పిందా?"
అది తెలుసుకోడానికే ఇదంతా, అన్నాను.
మాకూ పూర్తిగా తెలీదన్న మాట
ఐదో పేజీలో ఉంది, మహా మర్యాదగా.

పైగది పక్కన చిన్న సంచి ఉంటుంది, చెవి అంటారు,
రక్తం అక్కడ నిలిచి గడ్డ కడుతుంది,
గడ్డ కదిలి మెదడుకెక్కితే పక్షవాతం.
బొమ్మ మీద నా వేలి పక్కన తన వేలు పెట్టాడు.
"చెవి కాదు, జేబు ఇది.
వాడని జేబులో నలుసులు చేరతాయి.
కుట్టేసెయ్యరాదా?"

ఏమంటున్నాడని డాక్టర్ ఫలాహ్ అడిగాడు.
అరబ్బీలో చెప్పాను. పెన్ను కింద పెట్టాడు.
అట్లా మూసేవాళ్లు ఉన్నారు,
మన అధ్యయనంలో అది లేదని చెప్పు, అన్నాడు.
"ఐతే మీ దాంట్లో ఏముంది?"

తొడ నరంలోంచి తీగ పంపి
వణుకు పుట్టే చోట కాల్చడం.
లేదా మాత్రలు.
ఏది నీదో నేను చెప్పను, డాక్టరూ చెప్పడు,
కంప్యూటర్ చీటీ తీస్తుంది.
"వీసా మాదిరే," అని సంతకం పెట్టాడు.

మాత్రలు వచ్చాయి.
ఒకటే అడిగాడు: రక్తం పల్చనైతే
సూది గుచ్చుకున్నప్పుడు ఆగేదెట్లా?
అంగుస్తాన తొడుక్కో, అన్నాను.
"అది ఉంటే గుడ్డ తెలీదమ్మా."

జూన్‌లో, దుమ్ముకు కిటికీలు పచ్చబడ్డ రోజు,
అతని ఛాతీకి తీగలు అంటించి
ఇరవైనాలుగు గంటల యంత్రం నడుముకు కట్టాను.
ఏ వేళ ఏం చేశావో చిన్న పుస్తకంలో రాయి.
వంగితే నా కోటు జేబు చిల్లులోంచి
పెన్ను జారింది, ఆ రోజుకు మూడోసారి.
"ఇట్లియ్యి."
చొక్కా కాలరు వెనక ఎప్పుడూ గుచ్చుకుని ఉండే సూది తీశాడు.

ఆరో విజిట్‌కు రాలేదు.
ఫోను మోగదు. షాపు ఎత్తేశారన్నాడు పక్క అత్తరువాడు.
ఖఫీల్ మారాడని ఒకరు, ఒమాన్‌కు పోయాడని ఒకరు.
ఆచూకీ లేనివాళ్లకు మా దగ్గర ఒక అంకె ఉంది,
తొంభైతొమ్మిది.
ఆ గడిలో కొట్టాను.

రాత్రి అందరూ వెళ్లాక అతని చిన్న పుస్తకం తీశాను.
"మద్యాన్నం 3-10. సిస్టరమ్మ జేబు."
తెరమీద ఆ నిమిషాలు వెతికాను.
గుండె అప్పుడేమీ కుదుటపడలేదు.
గీత చిందరవందరగా ఉంది, నూట ముప్పై, తొంభై, నూట నలభై,
ఒక కొట్టుకూ ఇంకోదానికీ పొంతన లేదు.

కోటు విప్పి జేబు తిరగేశాను.
ఇరవైమూడు కుట్లు.
స్కేలు పెట్టి చూశాను.
అన్నిటి మధ్యా ఒకటే ఎడం.

ఫారం చివర "ఇతర వివరాలు" అని ఒక గడి.
నలభై అక్షరాలు పడతాయి, ఇంగ్లీషులో.
కర్సరు మెరుస్తూ ఉంది,
చాలా క్రమంగా.