మూలుగు

రుస్తవి బజార్లో కొన్నాను, మార్చి నెల, కాళ్లకింద బురద.
జపాన్ నుంచి ఓడెక్కి జార్జియా చేరిన బండి.
స్టీరింగ్ కుడివైపు, మా రోడ్లకి తప్పువైపు.
ముందు లారీని దాటాలంటే
ఎడమ సీట్లో ఎవరుంటే వాళ్లని అడగాలి:
ఎదురు ఏమైనా వస్తోందా?
ముక్కూమొహం తెలియని వాళ్లు కూడా నిజమే చెబుతారు.
అమ్మినవాడు మాత్రం ఒక్కసారీ ఆ సీట్లో కూర్చోలేదు.

చలి పొద్దుల్లో మలుపు తిప్పితే మూలిగేది.
ముప్పై ఎనిమిదేళ్లు నర్సుగా చేసినదాన్ని,
మూలుగుల్లో రకాలు తెలుసు.
చూసేవాళ్లుంటే పెరిగేది ఒకటి,
అందరూ వెళ్లిపోయాకే మొదలయ్యేది ఒకటి.
ఇది రెండోది.

బానెట్ ఎత్తాను.
పవర్ స్టీరింగ్ డబ్బా చిన్నది, అరచేతిలో పట్టేంత.
ఏ నూనె పొయ్యాలో మూత మీద రాసినచోట
ఎవరి బొటనవేలో ఏళ్ల తరబడి తుడిచేసింది.
తెల్ల కాగితం మీద ఓ చుక్క వేసి చూశాను.
ఎరుపు కాదు, పసుపు కాదు,
నాలుగోసారి మరిగించిన టీ రంగు, మాడు వాసన.

కొట్టువాడు ఎర్ర సీసా చేతిలో పెట్టాడు.
"అన్నీ ఒకటే పిన్నీ, నూనె నూనే."
నుగ్జర్ దాన్ని లాక్కుని మళ్లీ బల్లమీద పెట్టాడు.
"తప్పుది పోస్తే సీళ్లు ఉబ్బుతాయి, చిట్లుతాయి.
వెంటనే కాదు, నువ్వు మర్చిపోయాక.
రక్తం గ్రూపులాగే. నీకు చెప్పాలా?"
చెప్పక్కర్లేదు.
కాని మనిషికైతే వేలు గుచ్చి తెలుసుకునేదాన్ని.

బానెట్ లోపలివైపు ఓ స్టిక్కర్, సగం ఊడింది,
నిండా జపాను రాత.
నూనె పేరు ఇక్కడే ఉంటుందన్నాడు నుగ్జర్.
తడిగుడ్డతో తుడిచాం.
అక్షరాలు రావు ఇద్దరికీ. అంకెలు వస్తాయి.
లక్షా నలభై మూడు వేల కిలోమీటర్లు.
మీటరు చూపించేది ఎనభై తొమ్మిది వేలు.

నుగ్జర్ నేలచూపులు చూశాడు, బండి తనే అమ్మినట్టు.
నాకు నవ్వొచ్చింది.
టాక్సీ ఆఫీసు ఫారంలో నా వయసు
నాలుగేళ్లు తగ్గించి రాసి వారం కూడా కాలేదు.

బతుమిలో విడిభాగాలమ్మే వాడి బావమరిది
బండి నంబరు అడిగి, నూనె పేరు చెప్పాడు.
రెండ్రోజులకి మినీబస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాడు,
న్యూస్‌పేపర్లో చుట్టి, పసిపిల్లకి పాలసీసా పంపినట్టు.

రిటైరైన రోజు వార్డు అలమారలోంచి
సంచిలో వేసుకున్న పెద్ద సిరంజి ఉంది నా దగ్గర.
ఎందుకు తెచ్చుకున్నానో అప్పుడు తెలీదు.
దాంతో పాతది లాగి
ఖాళీ ప్లమ్ పచ్చడి సీసాలోకి వదిలాను.
కొత్తది పోశాను, గీత దాకా, గీత దాటకుండా.
ఇంజన్ వేసి
ఎడమకి చివరిదాకా, కుడికి చివరిదాకా.
"చివర బిగబట్టకు, పంపు ఏడుస్తుంది" అంటున్నాడు నుగ్జర్.
ఆపి చూస్తే మళ్లీ టీ రంగే, కాస్త పలచన.
గొట్టాల్లో దాక్కున్న పాతది
ఒక్కసారికి ఎప్పుడు వచ్చింది గనక.
లాగాను. పోశాను. తిప్పాను.
నాలుగోసారికి నురగ తగ్గింది,
కాగితం మీద చుక్క తేనెరంగుకి దిగింది.
పచ్చడి సీసా నిండింది. నేలమీద పారబోయనివ్వకుండా
నుగ్జర్ తన పీపాలో ఒంపుకున్నాడు.

మర్నాడు రికోతి కనుమ మీదుగా కుతైసికి బేరం.
ఎడమ సీట్లో వెన్నముద్దల వ్యాపారి, మాటలు తక్కువ.
మొదటి మలుపు, రెండోది, మంచు కరిగి తడిసిన మూడోది.
స్టీరింగ్ ఒక్క వేలికి వచ్చేస్తోంది.
మూలుగు లేదు.

ఆ నిశ్శబ్దంలో
వెనక, ఎడమ చక్రం దగ్గర,
టిక్కుటిక్కుమని ఇంకేదో.
ఎప్పట్నించి ఉందో పాపం.
"మీకు వినిపిస్తోందా?" అడిగాను.
ఆయన చెవి అటు పెట్టి
నిజమే చెప్పాడు.