నలభై ఏడో కాలు

ఔలులో జనవరి.
పది దాటాక వచ్చి రెండున్నరకే దుకాణం కట్టేసే సూర్యుడు.
హెల్వి బల్ల మీద కాఫీ రెండోసారి చల్లారింది.
తెర మీద ఒక మార్పు, ఆమె పరిశీలన కోసం:
ఒక వరుస ఎర్రగా పోయింది,
అదే వరుస, అక్షరం తేడా లేకుండా,
నాలుగు వరుసల పైన పచ్చగా మొలిచింది.
కింద కారణం రెండే మాటలు: "క్రమం సరిచేశాను."
పంపింది రాన్వా,
ఫారో దీవుల్లో ఏదో రేవులో కరెంటు పని చేసే మనిషి.

రెండు మాటల మీద హెల్వికి నమ్మకం లేదు.
ఈ డ్రైవర్ రాసిందీ, తొమ్మిదేళ్ళుగా కాపలా కాస్తున్నదీ తనే.
చిప్పుకి జెర్రికున్నన్ని కాళ్ళు,
కాలు కాలికీ నాలుగైదు కొలువులు:
ఒకప్పుడు సీరియల్ తీగ, ఒకప్పుడు గడియారం,
ఏ పనీ లేనప్పుడు ఉత్త స్విచ్చు.
ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ
ఇక్కడ ఒరకి ఐదు కత్తులు;
ఏ క్షణాన ఏది లోపలుండాలో
ఎవరు పైకి లాగాలో, ఎవరు కిందికి, ఎంత బలంగానో
చెప్పడమే ఈ కోడ్ బతుకు.

"ఎందుకు?" అని రాసింది.

మర్నాటికి జవాబు, ఈసారి పొడుగ్గా.
మా రేవు చివర పొగమంచు బూర ఉంది.
ప్రతి మంగళవారం అర్ధరాత్రి బోర్డు తనంతట తాను పడుకుని లేస్తుంది.
లేస్తూ లేస్తూ బూర చేత ఒక్క "బ్" అనిపిస్తుంది.
"బో" కూడా కాదు, పొల్లు.
ఆకాశంలో చుక్కలు లెక్కపెట్టుకోగలిగిన రాత్రయినా సరే.
ఆ బూర తీగ నలభై ఏడో కాలికి కట్టి ఉంది.

హెల్వి సొరుగు లాగింది.
ఊలు ఉండల కింద పాత బోర్డు, అదే చిప్పు.
ఆసిలోస్కోపు కొన పట్టి, ఆపి, లేపింది.
గీత చదునుగా వచ్చి
ఇరవై మిల్లీసెకన్లు గూని పోయి
మళ్ళీ చదునైంది.
కాలు పాత కొలువు వదిలింది, కొత్త కొలువులో చేరింది,
"నోరు మూసుకో" అన్న ఆజ్ఞ మాత్రం
నాలుగు వరుసల తర్వాత గానీ రాలేదు.
సంధి కుదరని చోట
రెండు అచ్చుల నడుమ ఎవరూ పిలవకుండానే
"య" వచ్చి కూర్చున్నట్టు
ఆ సందులో కూర్చుంది బూర.

చిప్పు పుస్తకంలో పదకొండో అధ్యాయం, అడుగున చీమతల అక్షరాలు:
ముందు విలువ రాయండి. ఆపైనే కొలువు మార్చండి.

వరుస పుట్టిన తేదీ వెతికింది.
నవంబరు, రాత్రి పదకొండూ నలభై. రాసిన పేరు తనదే.
ఆ రాత్రి ఏమైందో గుర్తులేదు.
జ్వరమేమో, తొందరేమో,
మొదటిసారి దీపం వెలిగిందన్న సంబరమేమో.
దాన్ని అప్పట్లో పరిశీలించిన పెద్దమనిషి
ఒక్క మాట రాశాడు: "బాగుంది."

కనుక హెల్వి "బాగుంది" అని రాయలేదు.
రాసింది: మార్పు సరైనదే, తప్పు నాది.
కానీ ఆ వరుస నెత్తిన ఒక వ్యాఖ్య పెట్టు.
లేకపోతే పదేళ్ళ తర్వాత
శుభ్రమంటే పడిచచ్చే కుర్రాడెవడో వచ్చి
చూడ్డానికి బాగుంటుందని మళ్ళీ కిందికి దించేస్తాడు.
ఆ కుర్రాడు ఎలా ఉంటాడో నాకు తెలుసు.

రెండో విడత వచ్చింది. వ్యాఖ్య ఇలా ఉంది:
"దీన్ని కదపొద్దు. బూర మోగుతుంది."
హెల్వి నవ్వింది, సంతకం పెట్టింది,
కాఫీ పారబోసింది.

మార్చిలో రాన్వా నుంచి నాలుగు ముక్కలు.
మూడు మంగళవారాలు గడిచాయి, చప్పుడు లేదు.
ఒడ్డునుండే ముసలి హానుస్ మాత్రం
నిద్ర పట్టక నా దగ్గరికొచ్చాడు:
బూర చచ్చిపోయిందా అని.
లేదు తాతా అంటే నమ్మడు.
మంచు కోసం చూస్తున్నాం ఇద్దరం.