తడి తూకం

హైదరాబాదు దుకాణపాయన రెండిచ్చిండు,
రెండు దినాలు చూసుకొని ఒకటి వాపసు తెమ్మని.
నల్లది బలిసిన దూడ లెక్కుంది.
బూడిద రంగుది మడతపెడితే
నా బువ్వ డబ్బా సంచిల పట్టింది.
వీపుకు గట్టి పలక లేదు,
ఇనుప రింగులుండే జాగల ప్లాస్టిక్కువి,
జేబులు రెండే, అవిటికి జిప్పు లేదు.

విమానపోళ్లు పదిహేను కిలోలన్నరు.
అండ్లనే కాళ్ల రెక్కలు, కండ్లద్దం, గాలి పీల్చే గొట్టాలు,
అమ్మ ఇడిసిపెట్టనియ్యని పల్లిపట్టీల డబ్బా.
అండమానుకు నేను పోతున్ననా
నా సామాను పోతున్నదా
లెక్క తేలలే.

వనపర్తి దవాఖానల రాత్రి డ్యూటీ.
వార్డంత పండుకున్నంక
పసిపిల్లల కాంటా మీద సాఫు బట్ట పరిచి
బూడిద రంగు జాకెట్టు పండవెట్టిన.
రెండు కిలోల రెండు వందలు.
గీ బరువుతోని పుట్టినోళ్లను
దూదిల చుట్టి, ఎదకు హత్తుకోబెట్టి
ఎందరినో ఇంటికి పంపినం.
చెయ్యి దానంతటదే
కాలర్ కింద ఆనింది, మెడ నిలపనీకె.

నాయిన కాంటాలు నమ్మడు.
కుర్మయ్య అంటే పానగల్ తొవ్వల అందరికెరుక,
బాయిల పడ్డ మోటర్లు తీస్తడు.
మోటర్లే కాదు.
పోలీసులు ఫోన్ చేసిన దినం
బువ్వ తినకుండ పోతడు,
వచ్చినంక గూడ తినడు.

రెంటినీ బాయిల ముంచిండు.
పత్తి తూచే కొక్కానికి తగిలించి
బీడీ ముట్టిచ్చుకొని కూసున్నడు.
నల్లది కారుతనే ఉంది, కారుతనే ఉంది,
పాలు మరిసిన బర్రె తీరు.
బూడిదది బీడీ సగమైతుండంగనే ఊరుకుంది.
"ఎండిన తూకం దుకాణపాయన చెప్తడు బిడ్డా,
తడిసిన తూకం నువ్వు మోస్తవు."

బేరం అయిపోయిందనుకున్న.

"ఇంతేనా? ఇది ఏసుకుంటే మునుగుతవా?"
మునగ, సీసం ముద్దలు కట్టుకోవాలె,
అవి ఆడ కిరాయికిస్తరన్న.
బాయి గడ్డ మీద పడిపడి నవ్విండు.
"మునుగుడుకు కిరాయా!
మా జమానల బండరాయి ఫుకట్ల దొరికేది."

నాకు ఈత నేర్పిన దినం
నడుముకు ఎండిన ఆనిగెపు బుర్ర కట్టిండు.
అది నన్ను పైకే గుంజేది,
అడుగేముందో సూడనియ్యకపోయేది.
గీ జాకెట్టు అట్ల కాదు నాయినా,
ఇంత గాలి నింపితే లేస్త, ఇంత ఇడిస్తె దిగుత,
సరిగ్గ కుదిరితే
మునుగుడు లేదు, తేలుడు లేదు,
నడిమిట్ల నిలబడుడే.

నవ్వు ఆగింది.
బీడీ ఆరిపోయింది, మళ్ల ముట్టియ్యలే.
నీళ్ల దిక్కే చూసుకుంట అన్నడు,
"నడిమిట్ల ఎవ్వరుండరు బిడ్డా.
నేను పోయేటాల్లకు
అందరు అడుగునే ఉంటుండ్రి."

ఏం చెప్పాల్నో తెల్వలే.
గొట్టం అందుకొని చూసిండు, అటు తిప్పి ఇటు తిప్పి.
మిషన్ పని చెయ్యకుంటే ఎట్ల అన్నడు.
నోటితోని ఊదొచ్చన్న.
ఊదిండు.
నీళ్లల్ల పాణం బిగబట్టిన ఛాతీ అది,
ఐదు ఊపిర్లకే బూడిద రంగుది
రెండు భుజాలు లేపి కూసుంది.
దండెం మీద, అమ్మ చీరెల నడుమ
రాత్రంత అట్లనే ఏలాడింది,
లోపల ఎవరో ఉన్నట్టు.

పొద్దుగాల నల్లది సంచిల పెట్టి
బస్సు కండక్టరుకిచ్చి పంపిన.
బూడిదదాన్ని మడతపెట్టాలంటే గాలి తియ్యాలె.
కుడి భుజం కాడి తాడు గుంజిన.
సుర్రుమన్నది, బీడీ వాసన.
గుంజిన, మళ్ల గుంజిన.
ఆఖరికి కొంచెం మిగిలింది,
మూలకు, కోడిగుడ్డంత.

అయినా
పిల్లల కాంటా మీద ఇంకోసారి పెట్టి చూసిన.
రెండు కిలోల రెండు వందలే.
జిప్పు పడలేదు,
మోకాలు ఆనిచ్చి ఏసిన.