పదిహేడో కాపీ

బంగాళాదుంపల సెలవులు మూడు వారాలూ అయిపోయి
బడి తెరిచిన సోమవారం
ఏడో తరగతి గోళ్ళ నిండా మట్టి.
మెయిన్ రాష్ట్రానికి ఇది ఉత్తరపు కొస.
దుంపలు తవ్వే రోజుల్లో పిల్లలు పొలానివాళ్ళు,
మిగిలితే నావాళ్ళు.

బోర్డు మీద ఈ వారం మాటలు పది రాశాను.
మొదటిది 'రిలక్టెంట్'.
అర్థం డిక్షనరీలో ఉంది, చూడకండి, అన్నాను.
"జనవరి పొద్దున మా ట్రాక్టరు," అన్నాడు ఎమ్మెట్.
"ఇంగ్లీషులో మాట్లాడమంటే మా మెమే," అంది సొలాంజ్.
రెండూ ఒప్పే.
రెండోదాని దగ్గర కాసేపు కిటికీలోంచి చూశాను.
ఇదే బడిలో ఒక ఫ్రెంచి మాట నోరు జారినందుకు
మా నాయనమ్మ చేత వందసార్లు రాయించారట,
ఇంకెప్పుడూ మాట్లాడనని.
ఆ వాక్యంలో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు.

మంగళవారం ఆజ్ఞార్థకం.
కర్త కనపడడు, కానీ ఉంటాడు, అని చెప్పి ఉదాహరణలు అడిగితే
"లే. బూట్లు తొడుక్కో. పీపా ఎత్తు.
మా ఇంట్లో వాక్యాలన్నీ ఇవే," అన్నాడు
వెనక వరసలోంచి లీలాండ్, ఎప్పుడూ పెదవి విప్పనివాడు.
ఎవరూ నవ్వలేదు. సగం మంది ఇళ్ళల్లోనూ అవే.
మరి ఆ కనపడని కర్త ఎవరు?
"నేనే."
పుస్తకం వెనక జవాబుల్లో 'నువ్వు' అని ఉంది.
మార్కు వేశాను.

ఇక నవల.
బీరువాలో ఇరవై ఆరు కాపీలు,
ఉద్యోగంలో నాకన్నా ఒక్క ఏడాదే చిన్నవి.
దీవిలో లైట్‌హౌసు, తండ్రి మీద అలిగి పడవెక్కిన కుర్రాడు,
పద్దెనిమిది అధ్యాయాల ఉప్పునీళ్ళు.
సముద్రం చూసినవాళ్ళు నా క్లాసులో నలుగురు.
అట్టల లోపల పాత పేర్ల వరసలు,
ఎమ్మెట్‌కి వాళ్ళ నాన్న చదివిన కాపీయే దొరికింది,
నలభై మూడో పేజీలో ఆయన గీసిన బూతుబొమ్మతో సహా.
అప్పుడూ చూడనట్టే ఊరుకున్నాను, ఇప్పుడూ అంతే.

పదిహేడో కాపీకి చివరి ఆకు లేదు.
జిరాక్సు తీసి అతికిద్దామని ఏటా అనుకుంటాను.
ఈసారి అది లీలాండ్ చేతికి వెళ్ళింది.

శుక్రవారం అడిగాను: కుర్రాడు తండ్రిని క్షమించాడా?
ఇరవై ఐదు చేతులు లేచాయి.
క్షమించాడు, పొయ్యి దగ్గర కూర్చుని ఇద్దరూ టీ తాగారు కదా.
"ఏం టీ?" అన్నాడు లీలాండ్.
"తలుపు తెరిచాడు, అండ్.
అంతేగా.
రాసినాయన చుక్క కూడా పెట్టలేదు.
తెరిచినవాడికేం తెలుసు లోపల ఏముందో."

'అండ్' దగ్గర వాక్యం ఆపకూడదని
ఇరవై ఏడేళ్ళుగా ఎర్రసిరా ఖర్చుపెట్టినదాన్ని.
సొలాంజ్ తన పుస్తకం తిప్పి వాడి ముందుకు జరపబోయింది,
టీ, పొయ్యి, అన్నీ ఉన్న పేజీ.
వద్దని తలూపాను.
ఏమర్థమైందో, మూసేసింది.
ఇంతలో గంట కొట్టారు.

చేసింది తప్పే. ఆ ఆకు వాడికి రావలసిందే.
పిల్లవాడి ముగింపు నాకు నచ్చినంత మాత్రాన
వాడికి లోకం దాచిపెట్టే హక్కు నాకెక్కడిది?

ఇవాళ ఆదివారం. బయట మొదటి మంచు,
పడాలా వద్దా అన్నట్టు.
జిరాక్సు కోసం నా కాపీ తీసి
ఆ ఆఖరి పేజీ మళ్ళీ చదివాను.
'టీ కాచబడింది' అని ఉంది.
ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తట్టలేదు,
ఎవరు కాచారో రాయనేలేదు.
తండ్రా? కొడుకా?
ముందు ఎవరు లేచి కెటిల్ అందుకున్నారు?

రేపు మొదటి పీరియడ్‌లో ఆకు వాడి చేతిలో పెట్టి,
ఆ వాక్యం కింద వేలు పెట్టి,
కర్త ఎక్కడున్నాడో
లీలాండ్‌నే అడగాలి.