ళ

ఎనభై ఆరు వరదకి
నరసాపురం ప్రెస్సులో
టైపు కేసులు బోర్లాపడ్డాయి.
వరద తీశాక ఏసుపాదం
ఒండ్రుని బియ్యం జల్లెడలో కడిగి
అక్షరాలు ఏరాడు.
అన్నీ దొరికాయి, ళ తప్ప.

ఆ మాఘమంతా
మా వైపు పెళ్ళిళ్ళు జరగలేదు,
వివాహాలే అయ్యాయి.
మేళతాళాలేవీ అని నిలదీసిన పెళ్ళివారితో
“సన్నాయి అని వేశానండి, ఆయ్,
వినపడేది అదేగా!”

ఇప్పుడు నా కంప్యూటర్లో
ళ ఎన్నిసార్లు నొక్కినా అరగదు.
బోల్డు చేస్తే లావెక్కుతుంది,
బరువెక్కదు.

మొన్న వశిష్ఠ గట్టు దిగువన
రొయ్యల చెరువు తవ్వుతుంటే
పొక్లెయిన్ పళ్ళ మధ్య ఒక ళ.
సీసం. తిరగేసి.

ముసలాయన లుంగీ అంచుతో తుడిచి
బొటనవేలికి గట్టిగా అద్దుకున్నాడు.
వేలి మీద సరిగ్గానే పడింది.

“ఎవరిదైనా పెళ్ళుందాండి?” అన్నాడు.